ఐదో కుర్చీ

"సంతకం పెట్టేసి కాఫీ తాగమ్మా, చల్లారిపోతోంది" అంటూ మామగారు కాగితాన్ని కప్పు పక్కకి జరిపాడు.

ప్లానమ్మ కాఫీ తాగింది. కాగితం ముట్టుకోలేదు.

ఆమెకి ఆ పేరు పెట్టింది పనివాళ్లు. వేడుకలు జరిపించడం ఈ ఇంటి వ్యాపారం. కోడలిగా వచ్చిన మొదటి నెలలోనే ఆమె కుర్చీలు ఎక్కడ వేయాలి, జనం ఎటునుంచి వచ్చి ఎటు పోవాలి, ఏ తలుపు తెరిచి ఉంచాలి అని కాగితం మీద గీతలు గీసి గోడకి అంటించడం మొదలుపెట్టింది. మొదట్లో వెక్కిరింపుగానే పిలిచారు. ఆరేళ్లు గడిచేసరికి ఆ కాగితం గోడమీద కనిపించందే ఒక్క బల్ల కూడా జరపడం లేదు. అసలు పేరు ఇప్పుడు బ్యాంకువాళ్లకి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

"చదివావా?"

"రెండుసార్లు చదివానండీ."

"రెండుసార్లెందుకు, ఉన్నదే ఆరు లైన్లు."

"రెండు అబద్ధాలున్నాయి. ఒక్కోదానికి ఒక్కోసారి."

మామగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఈ వృత్తిలో ఉన్నవాళ్లంతా ఆయన్ని పెద్దాయన అంటారు. కోపం వస్తే ఆయన గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ సంగతి తెలియని కొత్తవాళ్లు ఆయన్ని శాంతమూర్తి అనుకుని బోల్తా పడుతూంటారు.

నిన్న సాయంత్రం నర్సుల స్కూలు యాభై ఏళ్ల వేడుక, ఆ స్కూలు హాల్లోనే. చివరి ఇరవై నిమిషాలు తప్ప అంతా సవ్యంగానే జరిగింది. ఆ చివర్లో లైట్ల బోర్డులోంచి పొగ వచ్చింది. మంట లేదు, వట్టి పొగే. అయితే పొగ కనిపించాక మంట ఉందో లేదో ఆగి చూసేంత తీరిక ఎవరికుంటుంది? జనం లేచారు. ఆ స్కూల్లో చదువుకున్నవాళ్లు గనక పడమటి గోడకి ఓ పక్కతలుపు ఉందని చాలామందికి తెలుసు. తెలిసినవాళ్లంతా అటే పరిగెత్తారు. తలుపు ఉండాల్సిన చోట యాభై ఏళ్ల ఫొటోలు అంటించిన చెక్కపలకలు నిలబడి ఉన్నాయి. పాత బ్యాచీల ఆడపిల్లలు తెల్ల టోపీలు పెట్టుకుని వరుసగా నవ్వుతూ కనిపించారు. వెనక్కి తిరిగినవాళ్లకీ వెనకనుంచి తోసుకొచ్చేవాళ్లకీ మధ్య డెబ్భై నాలుగేళ్ల పెద్ద నర్సమ్మ పడిపోయింది. మణికట్టు విరిగింది. మరుక్షణంలో నలభైమంది నర్సులు ఆవిడ మీదికి వంగారు. వైద్యానికి లోటు రాలేదు గానీ పాపం ఆవిడకి గాలి ఆడలేదు.

ఏం జరిగిందో రాసిమ్మని ప్రిన్సిపాల్ అడిగింది. మధ్యాహ్నం పన్నెండింటికల్లా హాలు తాళంతోపాటు ఆ కాగితం కూడా ఆమె చేతికి అందాలి.

పెద్దాయన రాసిన కాగితంలో పక్కతలుపుకి పలకలు అడ్డం పెట్టింది స్టేజి వడ్రంగి అని ఉంది. ఎవరికీ చెప్పకుండా పెట్టాడనీ, అందుకు అతన్ని పనిలోంచి తీసేస్తున్నామనీ ఉంది. ఒక వృద్ధురాలు తొందరలో చూసుకోకుండా తూలిపడిందని కూడా ఉంది. కింద 'హాలు ప్లాను చూసినవారు' అని, ఆమె సంతకం కోసం ఒక గీత.

"పలకలు అక్కడ పెట్టమన్నది మీరు కదండీ" అంది ప్లానమ్మ.

టేబులు చివర కూర్చున్న ఆమె భర్త కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. మైకులూ లైట్లూ అతని పని. అందరూ 'మైకు' అనే పిలుస్తారు. పదిమందికి వినిపించేలా చెయ్యడమే వృత్తిగా ఉన్న ఆ మనిషి గొంతు ఇంట్లో మాత్రం పక్క గదిలోకి కూడా వినిపించదు.

"స్కూలువాళ్లు సాయంత్రం నాలుగింటికి తెచ్చి పడేశారు ఆ పలకల్ని" అన్నాడు పెద్దాయన. "ఎక్కడ పెట్టించాలి, నా నెత్తిమీదా? రెండు గంటల ముచ్చట. ముందు తలుపులు మూడు బార్లా తీసే ఉన్నాయి. పొగ వస్తుందని నాకేమైనా కల వచ్చిందా?"

"కల రాలేదు గనకనే కదండీ ప్లాను గీసుకునేది."

"నువ్వూ అక్కడే ఉన్నావు." ఆయన గొంతు ఇంకాస్త దిగింది. "నీ ఎదురుగానే చెప్పాను. అప్పుడు నోరు మెదపలేదే?"

ఆ మాట తిన్నగా వచ్చి తగిలింది. ఎందుకంటే అది నిజం. రాత్రంతా ఆమెకి నిద్ర పట్టనివ్వంది కూడా అదే.

"బాబాయ్ ఏం పాపం చేశాడు మరి?" అంది చివరికి. వడ్రంగి ఆమెకి చుట్టం కాదు. పని నేర్పినవాడు గనక బాబాయ్ అయ్యాడు.

"వాడితో పొద్దున్నే మాట్లాడాను. ఒప్పుకుంటానన్నాడు. ఓ ఆరు నెలలు ఇంట్లో కూర్చుంటాడు. అందరూ మరిచిపోయాక మళ్లీ పిలుచుకుందాం."

"చిన్నమామయ్యతో కూడా ఆరు నెలలే అన్నారటగా. పదకొండేళ్లయింది. పిలిచారా?"

వంటింట్లో అంతవరకూ పారుతున్న కుళాయి ఆగిపోయింది.

చిన్నమామయ్య అంటే అత్తగారి తమ్ముడు. ప్లానమ్మ ఈ ఇంటికి రాకముందు స్టేజి పనంతా అతనే చూసేవాడట. ఒక వేడుకలో స్టేజి మెట్లు విరిగి ఇద్దరికి దెబ్బలు తగిలాయి. మెట్ల కింద ఊతంగా దిమ్మ పెట్టడం మరిచిపోయానని అతనే ఒప్పుకున్నాడట. మర్నాడు పనిముట్ల సంచి ఇక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. ఆ సంచి ఇప్పటికీ అటక మీదే ఉంది. అత్తగారు ఏడాదికి రెండుసార్లు దుమ్ము దులిపి మళ్లీ అక్కడే పెడుతుంది.

"ఆ తప్పు వాడు ఒప్పుకున్నాడు" అన్నాడు పెద్దాయన. "పుస్తకంలో వాడి చేతిరాతే ఉంది. వెళ్లి చూసుకో."

"మరి ఈసారి నా చేతిరాత ఎందుకండీ మీకు?"

ఆయన లేచాడు. "పదకొండింటికి హాల్లో కూర్చుంటాం. ఈలోపు ఆలోచించుకో. నీ ఒక్కదాని పంతం కోసం ముప్ఫై ఏళ్ల పేరు గంగలో కలపలేను."

కోడలు కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. అత్తగారు సింకు ముందు నిలబడి, ఎప్పుడో కడిగేసిన గిన్నెనే మళ్లీ కడుగుతోంది.

"అత్తయ్యా, నేను అన్నది తప్పా?"

అత్తగారు గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుని, టీ ఫ్లాస్కు మూత వెతకడం మొదలుపెట్టింది. మూత ఆమె కళ్లెదురుగానే ఉంది.

* * *

వ్యాను రెండు వీధులు దాటాక మైకు గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క సంతకమే కదా" అన్నాడు.

"అవును, ఒక్కటే. నువ్వే పెట్టెయ్."

"ప్లాను నీది. నా సంతకం చెల్లదు."

"చెల్లితే పెట్టేవాడివా?"

అతను గేరు మార్చాడు. జవాబు చెప్పడం ఇష్టం లేనప్పుడల్లా అతనికి గేరు మార్చాల్సిన పని పడుతుంది.

"నాన్న మాట కాదని ఈ ఇంట్లో ఎలా ఉంటావు?" అన్నాడు కాసేపయ్యాక. బెదిరింపుగా కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు.

"ఇప్పుడెలా ఉన్నానో అలాగే ఉంటాను. కాకపోతే కొంచెం నిటారుగా."

ఆమె ఫోను మోగింది. పెద్ద నర్సమ్మ.

"కట్టు కట్టారమ్మా" అంది ఆవిడ, పలకరింపులూ అవీ లేకుండా. "సరిగ్గా కట్టలేదు. మళ్లీ కట్టించాను. నువ్వేనా ఆ హాలు ప్లాను గీసిన పిల్లవి?"

"నేనేనండీ. మీకు ఎలా ఉంది?"

"నా సంగతి నేను చూసుకుంటాలే, అందులోనే నలభై ఏళ్లు గడిపాను. నువ్వు నేను చెప్పేది విను. ఏదో కాగితం రాసిస్తున్నారటగా. ముసలిది, కళ్లు కనబడక పడిపోయింది అని మాత్రం రాయకు. నా కళ్లు బాగానే ఉన్నాయి. ఆ హాల్లోనే నేను పరీక్షలు రాశాను. ఆ తలుపులోంచే బయటికి వెళ్లి ఏడ్చాను కూడా, ఒకసారి పరీక్ష తప్పినప్పుడు. తలుపు అక్కడ ఉంది గనకనే అటు వెళ్లాను. వెళ్లేసరికి నా బ్యాచీ ఫొటో నాకే అడ్డంగా నిలబడి ఉంది."

"అలా రాయనండీ" అంది ప్లానమ్మ.

"మాటేనా?"

"మాటే."

ఆవిడ గొంతుకి స్పీకరు అక్కర్లేదు. ప్రతి మాటా మైకు చెవిన పడింది.

* * *

హాలు అప్పటికే సగం ఖాళీ అయింది. పరదాలు దించేశారు. కుర్చీలన్నీ మడిచి గోడవారగా దొంతర్లు పెట్టారు. నేలంతా పూల రేకులూ, నలిగిన ఆహ్వాన పత్రికలూ, ఎవరిదో తెల్ల రుమాలూ. పక్కతలుపు ముందు పలకలు మాత్రం నిన్నటి లాగే నిలబడి ఉన్నాయి. తాను వచ్చేవరకు వాటి జోలికి వెళ్లొద్దని ప్లానమ్మ ముందే చెప్పింది.

ఖాళీ స్టేజికి ఎదురుగా ఒక్క వరుస వేసి ఉంది. ఐదు కుర్చీలు.

ఇది పెద్దాయన పెట్టిన పద్ధతి. ఏ వేడుకైనా సరే, మర్నాడు ఆఖరి వరుస మడిచేముందు ముఖ్యమైన పనులు చూసేవాళ్లంతా అందులో కూర్చోవాలి. జరిగినదాంట్లో ఎవరి తప్పు వాళ్లే చెప్పుకోవాలి. పక్కవాడి తప్పు ఎత్తకూడదు. చెప్పింది చెప్పినట్టు పొడుగాటి పుస్తకంలో తమ చేత్తో తామే రాయాలి. ఆఖరి మనిషి చెప్పేవరకు ఎవరూ లేవకూడదు. ఇందువల్ల పనివాళ్ల మధ్య తగువులు రావని పెద్దాయన గర్వంగా చెప్పుకుంటాడు. నిజమే, రావు. ఎవరైతే తన తప్పు తాను చెప్పుకోడో, అతని తప్పు ఇక ఎవరూ చెప్పలేరు. ఈ సంగతి ఆరేళ్లలో ప్లానమ్మకి ఎన్నడూ తట్టలేదు. నిన్న రాత్రి పైకప్పుకేసి చూస్తూ పడుకున్నప్పుడు తట్టింది.

కూర్చునేవాళ్లు నలుగురే అయినా వడ్రంగి ఎప్పుడూ ఐదు కుర్చీలు వేస్తాడు. ఐదోది ఎవరికని అడిగినవాళ్లు లేరు. పదకొండేళ్ల కిందట ఆ చివర ఎవరు కూర్చునేవారో అందరికీ తెలుసు.

వడ్రంగి రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని మూడో కుర్చీలో కూర్చున్నాడు. షేవింగు చేసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. మనిషి పని పోగొట్టుకోవడానికి ఇంత శుభ్రంగా తయారై రావడం చూసి ప్లానమ్మ అతని దగ్గరికి వెళ్లింది.

"బాబాయ్, నువ్వేం చెప్పబోతున్నావు?" అంది నెమ్మదిగా.

"చెప్పమన్నది చెబుతానమ్మా. నువ్వు మధ్యలో దూరకు. మా పిల్లదాని ఫీజు ఆయనే కడుతున్నాడు."

పద్ధతి ప్రకారం మొదటి కుర్చీ పెద్దాయనది. మొదట చెప్పేది కూడా ఆయనే. వ్యాను పావుగంట ఆలస్యమైందనో, మంచినీళ్లు తక్కువ తెప్పించాననో ఏదో ఒకటి చెబుతాడు. తర్వాత మైకు, ఆ తర్వాత వడ్రంగి, చివర ప్లానమ్మ. ఆమె వంతు వచ్చేసరికి వడ్రంగి ఒప్పుకోవడం, రాయడం రెండూ అయిపోతాయి. అప్పుడిక ఏం చెప్పినా గాలికి చెప్పినట్టే.

పెద్దాయన పుస్తకం చంకలో పెట్టుకుని లోపలికి వచ్చాడు. ఆయన వరుస దగ్గరికి చేరేలోపు ప్లానమ్మ వెళ్లి మొదటి కుర్చీలో కూర్చుంది.

వెనకాల బల్లలు మోస్తున్న పనివాళ్లు బల్లలతో సహా ఆగిపోయారు.

"అది నా కుర్చీ" అన్నాడు పెద్దాయన.

"తెలుసండీ. ఈసారి నేను ముందు చెబుతాను. పుస్తకం ఇలా ఇవ్వండి."

"నీ వంతు చివర."

"తప్పు పెద్దదైనప్పుడు ముందే చెప్పుకోవాలి కదండీ."

ఆ మాట వినగానే ఆయన ముఖం కొంచెం తేలికపడింది. కోడలు దారికి వచ్చిందనుకున్నాడు. పుస్తకం ఆమె చేతిలో పెట్టి, రెండో కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. మైకూ, వడ్రంగీ ఒక్కో కుర్చీ అవతలికి జరగాల్సి వచ్చింది.

ప్లానమ్మ పెన్ను తీసింది. రాస్తూనే పైకి చదివింది, వెనక పనివాళ్లకి కూడా వినపడేలా.

"నిన్న సాయంత్రం నాలుగు గంటలకి పక్కతలుపుకి అడ్డంగా పలకలు పెట్టించమని మామగారు చెప్పారు. నా ప్లానులో ఆ తలుపు తెరిచి ఉండాలి. అది నాకు తెలుసు. తెలిసి కూడా, ఆయన ఇంటి పెద్ద కదా, పదిమందిలో కాదంటే బాగుండదు కదా అని తల ఊపాను. ఈ తల ఊపడమే నా తప్పు. దాని వల్ల ఒకావిడ చెయ్యి విరిగింది."

సంతకం పెట్టింది. పొద్దుటి కాగితం మీద పెట్టని సంతకం ఇక్కడ పూర్తిపేరుతో, పొల్లు పోకుండా పెట్టింది.

"పక్కవాడి తప్పు ఎత్తకూడదు" అన్నాడు పెద్దాయన. ఆయన గొంతు పక్క కుర్చీకి తప్ప వినపడనంతగా దిగిపోయింది. "నేను పెట్టిన పద్ధతి అది."

"ఎత్తలేదండీ. నేను తల ఊపాననే చెప్పాను. ఏ మాటకి ఊపానో చెప్పకుండా ఎలా చెప్పను? ఊరికే ఊపితే అది జబ్బు అవుతుంది గానీ తప్పు ఎలా అవుతుంది?"

వెనకాల ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

"ఈ పుస్తకం ఇల్లు దాటదు" అన్నాడు ఆయన.

"ఈ పేజీ దాటుతుంది. పన్నెండింటికి ప్రిన్సిపాల్‌కి ఇచ్చే కాగితం ఇదే."

"ఇది ఇస్తే ఇంక మనల్ని గుమ్మం తొక్కనివ్వరు."

"తొక్కనివ్వకపోతే ఇంకో గుమ్మం వెతుక్కుందాం. బాబాయ్‌ని మెట్టు చేసుకుని మాత్రం ఎక్కొద్దు."

మైకు చెయ్యి చాచాడు. పుస్తకం కోసమని తెలియడానికి ఆమెకి ఒక క్షణం పట్టింది. అతను తన వంతు లైన్లు రాసి, ఎన్నడూ లేనంత గట్టిగా చదివాడు.

"లైట్ల బోర్డు మోయగలిగినదానికంటే ఆరు లైట్లు ఎక్కువ తగిలించాను. పొగ నా వల్లే వచ్చింది. అది ఒకటి. రెండోది, పలకలు పెట్టమన్న మాట నేనూ విన్నాను. నేనూ తల ఊపాను."

తండ్రి వైపు చూడకుండానే పుస్తకం వడ్రంగి ఒళ్లో పెట్టాడు.

వడ్రంగి పెన్ను పట్టుకుని ఒకసారి పెద్దాయన వైపు, ఒకసారి ప్లానమ్మ వైపు చూశాడు. చివరికి పక్కనున్న ఐదో కుర్చీ వైపు చూశాడు.

"స్క్రూలు బిగించింది నేనే" అన్నాడు. "తలుపు చట్రానికి అడ్డచెక్క వేసి బిగించాను, పలకలు పడకుండా. అవతలివైపునుంచి కూడా తీయడానికి వీల్లేకుండా బిగించాను. పని శుభ్రంగా చేశాను. చేయకుండా ఉండాల్సింది." "బిగించమన్నారు, బిగించాను" అని చేర్చాడు.

ఆ నాలుగు ముక్కలూ రాయడానికి అతనికి చాలాసేపు పట్టింది. రాశాక చొక్కా పైబొత్తాం విప్పి, ఊపిరి తీసుకున్నాడు.

పుస్తకం పెద్దాయన ముందుకి వచ్చింది. ఆయన అందుకోకపోతే ప్లానమ్మ దాన్ని తన ఒళ్లో పెట్టుకుంది.

"వ్యాను పావుగంట ఆలస్యమైంది" అన్నాడు స్టేజి వైపు చూస్తూ. "అంతే. అయిపోయింది. లేవండి."

లేచి, తాను కూర్చున్న కుర్చీని మడవబోయాడు. ఇంకెవరూ లేవలేదు. కుర్చీ ఇనుప కీలు సగంలో కిర్రుమంది.

అప్పుడు ముందు తలుపులోంచి అత్తగారు వచ్చింది. ఒక చేతిలో టీ ఫ్లాస్కు. భుజానికి అటక మీది పనిముట్ల సంచి. ముప్ఫై ఏళ్లలో ప్రతి వేడుక మర్నాడూ ఆమె టీ తెచ్చింది, అందరికీ పోసింది, ఖాళీ ఫ్లాస్కు పట్టుకుని తిరిగి వెళ్లింది. ఆ వరుసలో ఒక్కసారి కూడా కూర్చోలేదు. కూర్చోమని ఎవరూ అననూ లేదు.

ఈసారి ఆమె టీ పోయలేదు. ఫ్లాస్కు కింద పెట్టి, సంచి ఒళ్లో పెట్టుకుని ఐదో కుర్చీలో కూర్చుంది.

"ఏమిటిది?" అన్నాడు పెద్దాయన. "నీకు ఇక్కడేం పని?"

"పుస్తకం ఇలా ఇవ్వమ్మా" అంది అత్తగారు కోడలితో.

ప్లానమ్మ లేచి వెళ్లి ఇచ్చింది. అత్తగారు కొత్త పేజీ వెతకలేదు. ఒక్కో పేజీ వెనక్కి తిప్పసాగింది. ఆరేళ్లు తిప్పింది. ఎనిమిదేళ్లు తిప్పింది. తనకి బాగా తెలిసిన చేతిరాత దగ్గర ఆగి, వేలు ఆనించి, పెన్ను మూత తీసింది.

పెద్దాయన సగం మడిచిన కుర్చీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"కూర్చోండి" అంది ఆమె తల ఎత్తకుండా. "ఆఖరి మనిషి చెప్పేవరకు ఎవరూ లేవకూడదన్నది మీ పద్ధతే. ఆ మెట్ల కింద మా తమ్ముడు దిమ్మ పెట్టాడు. దాన్ని ఎవరు తీశారో నేను చూశాను. చూసి పదకొండేళ్లు నోరు మూసుకున్నాను. అది నా తప్పు. ముందు నన్ను రాసుకోనివ్వండి, తర్వాత మీరు రాద్దురుగాని."